మా భీమవరం వాన ఎక్కడిది?

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు" అన్నారు మన పెద్దలు. ప్రాణం సంగతి నేను ఎరగను గాని, వాన రాకడను గురించి మాత్రం ఈనాడు చాలా సంగతులే తెలుసు. అది ఏ సముద్రం మీద పుట్టిందో, ఏ కొండ దాటి వచ్చిందో, దారిలో ఎవరికి ఎంత పంచిపెట్టి మన దగ్గరకు ఎంత మిగుల్చుకుని వచ్చిందో శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెబుతున్నారు. ఆ లెక్క చూస్తే భీమవరంలో కాపురమున్న నావంటివాడికి ఒక విచిత్రం కనబడుతుంది. మా చేలో పడే వాన ఒక దారిన వస్తుంది. మా చేలో నిలిచే నీరు ఇంకొక దారిన వస్తుంది. పోతే, మా పంటను పెంచే సముద్రమే మా పంటను ముంచేది కూడాను. ఈ మూడు ముక్కలూ విప్పి చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా మా ఊరి సంగతి. గోదావరికి పడమటి డెల్టాలో, సముద్రానికి ఇరవై పాతిక కిలోమీటర్ల ఎడంలో ఉన్నది భీమవరం. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున అరచెయ్యిలాగా పరుచుకున్న నేల. ఊరిచుట్టూ వరిచేలు, కొన్ని దశాబ్దాలుగా వాటి సరసన చేపల చెరువులు, రొయ్యల చెరువులు. గోదావరి కాలవ నీరు తెస్తుంది, యనమదుర్రు డ్రైను నీరు తీసుకుపోతుంది. వచ్చే నీటికీ పోయే నీటికీ మధ్య మా బతుకు. నాకు కొద్దిపాటి వ్యవసాయం ఉన్నది. చిరకాలం పిల్లలకు భూగోళం పాఠాలు చెప్పాను. అందుచేత ఆకాశంవైపు చూసే అలవాటు నాకు రెండు విధాలుగా పట్టుబడింది.

ఏడాది పొడుగునా మాకు పడే వాన సుమారు 1,100 మిల్లీమీటర్లు. పాత లెక్కలో 43 అంగుళాలన్నమాట. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల కాలంలో పడుతుంది. మిగిలినదానిలో ఎక్కువభాగం అక్టోబరు, నవంబరు నెలలది. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆకాశం బోసిపోతుంది. అనంతపురంలో మాకు పడేదానిలో సగం పడుతుంది. అదే రాష్ట్రం, అవే రుతుపవనాలు. మరి ఇంత తేడా ఎందుకు?

కొండలు పిండిన మబ్బు

ఎండాకాలంలో నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేలమీద గాలి తేలికపడి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీది తడిగాలి వచ్చి చేరుతుంది. ఈ మాట 1686లోనే ఎడ్మండ్ హేలీ చెప్పాడు. తోకచుక్క పేరిట మనకు పరిచయమైన హేలీయే ఈయన. స్థూలంగా మాట నిజమే. అయితే ఆ గాలి అరేబియా సముద్రంలోనే పుట్టి వస్తున్నదనుకోకూడదు. అది భూమధ్యరేఖకు ఆవల, హిందూమహాసముద్రపు దక్షిణభాగంలో బయలుదేరుతుంది. ఆఫ్రికా తూర్పు తీరాన్ని, కెన్యా, సోమాలియాల పక్కగా ఒరుసుకుంటూ ఉత్తరానికి వచ్చి, భూమి తన చుట్టూ తాను తిరగడంవల్ల కుడివైపుకు మళ్ళి, నైరుతి నుంచి మన దేశం మీదికి వస్తుంది. నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున ఏరులాగా పారే ఈ గాలిని 1960లలో ఫిండ్లేటర్ అనే ఆయన కొలిచి చూపించాడు. శాస్త్రజ్ఞులు దానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన గాలికి మన దేశంలో మొట్టమొదట ఎదురయ్యేది సహ్యాద్రి. కొండ ఎక్కితే గాలి చల్లబడుతుంది. చల్లబడితే తన తడిని మొయ్యలేదు. అందుకే కొండ నెత్తిన ఉన్న మహాబలేశ్వరంలో ఏడాదికి 5,500 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడినుంచి రోడ్డు మీద నూటయిరవై కిలోమీటర్లు వస్తే పూణే. అక్కడ 700 చిల్లర. కొండ దిగేటప్పుడు గాలి మళ్ళీ వేడెక్కి, ఉన్న తడిని దాచుకుంటుంది గాని ఇవ్వదు. దీనినే వర్షచ్ఛాయ అంటారు. మరాఠ్వాడా, తెలంగాణ పడమటి భాగం, రాయలసీమ ఆ నీడలో ఉన్నవే. మాదాకా వచ్చేసరికి ఆ పడమటి గాలి పిండి ఆరవేసిన పంచెలాగా ఉంటుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెతకు మూలం కూడా ఇక్కడే ఉన్నది. మే నెలాఖరున, రుతుపవనం రాకముందు, దక్కను పీఠభూమి మీద కాగిన పొడిగాలి తూర్పుకు వీస్తుంది. అదే సమయంలో మధ్యాహ్నంవేళ సముద్రం మీది చల్లగాలి మామీదికి రావాలని చూస్తుంది. ఆ రెంటికీ మా పొలాల మీద కుస్తీ. సముద్రపు గాలి గెలిచిననాడు చెమటలు కారినా ప్రాణం నిలుస్తుంది. పడమటి గాలి గెలిచిననాడు వడగాడ్పు. 2015 మే నెలలో పడమటిది రోజుల తరబడి గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. సముద్రం చేరువలో ఉన్నంతమాత్రాన చల్లదనం మా సొంతం కాదు. గాలి దిక్కు మారితే అదీ మారుతుంది.

మా మేనల్లుడు ఒకడు కెనడాలో కాల్గరీ పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. "మామయ్యా, ఇంత పెద్ద దేశం, ఇన్ని మంచుకొండలు, మా ఊళ్ళో మాత్రం వాన లేదేమిటి?" అని ఆ మధ్య ఫోనులో అడిగాడు. "మీ ఊరు మీ దేశపు పూణేరా" అన్నాను. నిజమే. పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్న వాంకూవర్‌లో ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు పడుతుంది. ఇంచుమించు మా భీమవరమంత. మధ్యలో కోస్తా కొండలు, ఆపైన రాకీ పర్వతాలు. అవతల ఉన్న కాల్గరీలో 420 మిల్లీమీటర్లే. కొండ దిగి వచ్చే పొడిగాలి నడిచలికాలంలో గంటల వ్యవధిలో మంచును కరిగించేస్తుందట. దానిని అక్కడివారు చినూక్ అంటారు. పేరు వేరు గాని, గాలి పాటించే సూత్రం సహ్యాద్రి దగ్గరిదే.

అయితే ఒక్క భేదం ఉన్నది. ఆ దేశపు పెద్దకొండలు ఉత్తర దక్షిణాలుగా నిలబడ్డాయి. అందుచేత ఉత్తరధ్రువపు చలిగాలికి అడ్డం చెప్పేవారు లేరు. మైదానాల మీదుగా నేరుగా దిగి వస్తుంది. మన హిమాలయాలు తూర్పు పడమరలుగా గోడ కట్టాయి. మధ్య ఆసియా చలిని అవి ఆపుతాయి; మన తడిగాలిని ఆవలికి పోనివ్వకుండా ఈవలనే కురిపిస్తాయి. పుష్యమాసంలో భీమవరంవాడు దుప్పటితో సరిపెట్టుకుంటున్నాడంటే అందులో ఆ గోడ పుణ్యం కొంత ఉన్నది.

తూర్పు సముద్రం తీర్చే బాకీ

పడమటి గాలి పొడిదైతే మాకు 1,100 మిల్లీమీటర్లు ఎక్కడివి? ఆ బాకీ తీర్చేది బంగాళాఖాతం. రుతుపవన కాలంలో ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుడతాయి. ఒక్కొక్క సంవత్సరం పదీ పన్నెండు పుట్టవచ్చు. కొన్ని బలపడి వాయుగుండాలవుతాయి. ఇవి ఒడిశా తీరం దాటి, వాయవ్యంగా ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌ల మీదికి నడుస్తాయి. సముద్రం మీద ఉన్నంతసేపూ మాకు ముసురు. తూర్పు కనుమలు, కోస్తా తీరం ఆ వానతో తడుస్తాయి. వాయుగుండం లోపలికి వెళ్ళిపోయాక మా ఆకాశం తెరిపి ఇస్తుంది. చినుకు ఆగిందనుకుంటాము. అసలు మా నీళ్ళ కథ మొదలయ్యేది అప్పుడే.

వాయుగుండం నడిచే దారికి ఎడమపక్కన, అనగా నైరుతి భాగాన, వాన మిక్కుటంగా పడుతుంది. ఒడిశా మీదుగా వాయవ్యానికి పోయే వాయుగుండానికి ఎడమపక్కన ఉన్నవి ఏమిటి? బస్తరు అడవులు, విదర్భ, ఉత్తర తెలంగాణ. అదంతా గోదావరి పరివాహక ప్రాంతం. బస్తరు వాన ఇంద్రావతిలోకి వస్తుంది. విదర్భ వాన వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగల ద్వారా ప్రాణహితలో చేరి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒడిశా కొండల నీరు శబరి ద్వారా కూనవరం దగ్గర కలుస్తుంది.

గోదావరి పుట్టినది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. ఆ సముద్రానికి వీపు తిప్పి, తూర్పుగా 1,465 కిలోమీటర్లు నడిచి మా సముద్రానికి వస్తుంది. కాని పుట్టింటి దగ్గర తెచ్చుకున్నది తక్కువ. మరాఠ్వాడా వర్షచ్ఛాయలో నది బక్కచిక్కిపోయి నడుస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిసిన తరువాతనే అది మనమెరిగిన గోదావరి అవుతుంది. శ్రావణ మాసంలో ధవళేశ్వరం దగ్గర ఎర్రనీరు కనబడిందంటే, అంతకు కొద్దిరోజుల ముందు బస్తరులోనో విదర్భలోనో కురిసిన వాన వచ్చిందన్నమాట. అదీ మొదట లేచినది మన బంగాళాఖాతం నుంచే. ఇంటిముందు సముద్రం మీద మబ్బుగా లేచి, నెత్తిమీదుగా పోకుండా ఒడిశా చుట్టు తిరిగి, అడవులలో కురిసి, నదిలో పడి, కాలవలో దిగి, బోదె వెంట మా మడిలోకి వస్తుంది. ముందే చెప్పాను గదా, పడే వాన వేరు, నిలిచే నీరు వేరు అని!

ఈ నీటిని పొలానికి తిప్పిన మహానుభావుడు సర్ ఆర్థర్ కాటన్. ఆయన ఆనకట్ట కట్టకముందు ఈ జిల్లాలు వాన వస్తే వరద, రాకుంటే కరువు అన్నట్లుండేవి. 1832–33లో నందననామ సంవత్సరపు కరువు గుంటూరు సీమలోను, ఈ ప్రాంతాలలోను ఎంతోమందిని పొట్టన పెట్టుకున్నది. 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తిచేశారు. దాని స్థానంలో కొత్త బ్యారేజీ 1982లో పూర్తయి, కాటన్ పేరే పెట్టుకున్నది. విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తితే ఆ నీరు పడమటి డెల్టాకు, మా భీమవరానికి వస్తుంది. మా ఊరి మీద నెల్లాళ్ళు చినుకు పడకపోయినా సార్వా నాట్లు ఆగవు. బస్తరులో నెల్లాళ్ళు చినుకు పడకపోతే మాత్రం ఆగుతాయి. దాళ్వా మాట వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో గోదావరి సన్నబడ్డప్పుడు సీలేరు జలవిద్యుత్కేంద్రాల నుంచి వదిలిన నీరు శబరి మీదుగా వచ్చి మా దాళ్వాను ఒడ్డెక్కిస్తుంది.

ఎక్కువైనా అక్కడినుంచే ఎక్కువవుతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. ఆ వరద మా ఆకాశం నుంచి పడినది కాదు. ఎగువన పడ్డ వాన.

ఆకాశంలో తూర్పుగాలి

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావాలి. జూలైలోను ఆగస్టులోను బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది. వాయుగుండాలు పుడుతూనే ఉంటాయి. మరి అవి పెనుతుఫానులుగా మారి మా తీరం మీద ఎందుకు పడవు? తుఫానులన్నీ వానలు వెనుదిరిగాక అక్టోబరు, నవంబరు, డిసెంబరులలోను, వానలు రాకముందు ఏప్రిల్, మే నెలలలోనే ఎందుకు వస్తాయి?

జవాబులో సగం ఒక తెలుగువాడి పరిశోధనలో ఉన్నది. ఆయన పంచేటి కోటేశ్వరం. రుతుపవన కాలంలో దక్షిణ భారతం మీద, నేలకు 14, 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పునుంచి పడమటికి గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో ఒక గాలి ప్రవాహం సాగుతున్నదని 1958లో ఆయన ప్రపంచానికి వివరించారు. సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉన్న టిబెట్ పీఠభూమి వేసవిలో పెనంలాగా కాగి పైగాలిని వేడెక్కించడానికీ, ఈ తూర్పుగాలికీ సంబంధం చూపించారు. తరువాత ఆయనే భారత వాతావరణశాఖకు డైరెక్టర్ జనరల్ అయినారు.

కింద నైరుతిగాలి తూర్పుకు పోతూ ఉంటుంది, పైన ఈ గాలి పడమటికి పోతూ ఉంటుంది. తుఫాను అంటే నిలువునా లేచే మబ్బుల గోపురం; దానికి కింది అంతస్తూ పై అంతస్తూ ఒకదానిమీద ఒకటి నిలవాలి. కిందది ఒకవైపు, పైది ఇంకొకవైపు లాగితే గోపురం నిలబడదు. అందుచేత ఆ నాలుగు నెలలూ వాయుగుండం వాన ఇచ్చి పోతుంది గాని చాలావరకు తుఫానుగా బలపడలేదు. వాన తెచ్చే ఏర్పాటే తుఫానుకు కావలి కాస్తున్నది!

కావలి లేచిపోయే కాలం

అక్టోబరులో టిబెట్ చల్లబడుతుంది. పై తూర్పుగాలి సద్దుమణుగుతుంది. రుతుపవనం వెనుదిరుగుతుంది, గాలి ఈశాన్యానికి మారుతుంది. సముద్రం మాత్రం ఇంకా 28 డిగ్రీల వేడి మీదనే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసిన మంచినీరు తేలికది కాబట్టి ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. ఆ పొర వేడిని పైనే పట్టి ఉంచుతుంది. కావలి లేదు, కట్టెలు సిద్ధంగా ఉన్నాయి. అదే సమయానికి మా సార్వా వరి పాలుపోసుకుని, గింజ గట్టిపడి, కోతకు వస్తుంది. మా జిల్లా వ్యవసాయంలోని కష్టమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

మా ఊరికి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉన్నది. 1925లో పెట్టారు. దేశమంతా పండించే స్వర్ణ రకం, ఎం.టి.యు. 7029, అక్కడినుంచి 1982లో విడుదలైనదే. మంచి దిగుబడి. అయితే పంటకాలం ఇంచుమించు 150 రోజులు. జూన్ నెలాఖరున ఆకుమడి పోస్తే కోత నవంబరు నెలాఖరుకు పడుతుంది. అనగా సరిగ్గా తుఫాను నోట్లో. అందుకనే నీరు ముందు వదలాలి, నాట్లు ముందు పడాలి, తక్కువకాలపు రకాలు రావాలి అని మా రైతులు అడుగుతూ ఉంటారు. జూన్ మొదటివారంలో కాలవ నీరు వస్తే చాలా చేలు నవంబరు మొదటికే ఒడ్డెక్కుతాయి. ఒక పక్షం రోజుల వ్యవధి అని తీసివేయరాదు. ఆ పక్షం రోజులలోనే కౌలురైతు అప్పు తీరడమో, మరో ఏడాదికి వాయిదా పడటమో తేలిపోతుంది.

తుఫాను వస్తున్నదనగానే మాలో పెద్దలు మొదట అడిగేది, "ఎక్కడ దాటుతుందట?" అని. ఆ ప్రశ్నలో శాస్త్రం ఉన్నది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. తుఫాను పడమటికో వాయవ్యానికో నడుస్తూ తీరం దాటితే, దాని కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది. ఎడమచేతి వైపు గాలి నేల నుంచి సముద్రంవైపు వీస్తుంది. ఉప్పెన కుడివైపుదే. తుఫాను బాపట్ల, మచిలీపట్నాల దగ్గర దాటితే మేము దాని కుడిచేతి కింద ఉంటాము. కాకినాడకు ఉత్తరాన దాటితే ఎడమచేతి కింద ఉండి బతికిపోతాము. 1977 నవంబరు 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే, కుడివైపున ఉన్న దివిసీమను ఉప్పెన ముంచేసింది. సుమారు పదివేలమంది పోయారు. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది; లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను మొదలంటా కూల్చింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు మా జిల్లాలో వరిచేలు నీటమునిగాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మా పొరుగునే, నరసాపురం దగ్గర దాటింది.

ప్రాణనష్టం మాత్రం మునుపటిలాగా లేదు. అందుకు కారణం హెచ్చరిక. ఉపగ్రహం కళ్ళూ, మచిలీపట్నం, విశాఖపట్నాలలోని రాడార్లూ తుఫానును రోజుల ముందునుంచి వెంటాడుతున్నాయి. రేవులలో ఎగరవేసే ప్రమాద సూచికల అంకెలు 1 నుంచి 11 దాకా ఉంటాయని బెస్తపల్లెలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మనుషులను తరలించవచ్చు, కోతకు వచ్చిన చేనును తరలించలేము. గాలికి చేను పడిపోతుంది. కోసిన పనలైతే నీళ్ళలో నానుతాయి. రెండుమూడు రోజులు తడిసి ఉంటే వెన్నుమీదనే గింజ మొలకెత్తుతుంది. అటువంటప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లితే మొలక ఆగుతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పారు. మేమూ చల్లుతున్నాము. సముద్రం తెచ్చిన కీడుకు ఉప్పే విరుగుడు కావడం చూస్తే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఆపైన పడ్డ నీరు పోవాలి గదా! నేలకు వాలు లేదు. యనమదుర్రు డ్రైను, ఉప్పుటేరు సముద్రంలోకి వెళ్ళాలంటే సముద్రం దారి ఇవ్వాలి. పోటు వేళ ఇవ్వదు. పాటు వేళ ఇస్తుంది. తుఫాను రోజులలో సముద్రం తానే ఉబ్బి ఉంటుంది కాబట్టి డ్రైను వెనక్కి తంతుంది. దానికి తోడు గుర్రపుడెక్క, పూడిక, గట్టు ఆక్రమణ. వానకు కారణం టిబెట్‌లో ఉంటే ఉండవచ్చు గాని ముంపుకు సగం కారణం మన ఊరి డ్రైనులోనే ఉన్నది.

పెరూ బెస్తవారి చుట్టం

ఒక సంవత్సరం వానలు బాగుండి, మరొక సంవత్సరం ఎండగట్టడం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణితశాస్త్రజ్ఞుడు భారత వాతావరణశాఖ అధిపతిగా వచ్చాడు. దేశదేశాల గాలి ఒత్తిడి లెక్కలు ముందు పెట్టుకుని, ఇరవై యేళ్ళపాటు కూడికలూ తీసివేతలూ చేయించాడు. పసిఫిక్ సముద్రం మీద ఒత్తిడి పెరిగితే హిందూమహాసముద్రం మీద తగ్గుతుందనీ, ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతుందనీ తేలింది. ఉయ్యాలబల్లలాగా ఊగే ఆ ఊపుకూ మన వానలకూ లంకె ఉన్నదని ఆయన పట్టుకున్నాడు. ఎందుకో మాత్రం ఆనాడు తెలియలేదు.

పెరూ దేశపు బెస్తవారు, కొన్ని సంవత్సరాలలో క్రిస్మసు రోజులకు సముద్రం వేడెక్కి చేపలు దొరక్కపోవడం చూసి, దానికి బాలయేసు పేరిట ఎల్ నినో అని పేరుపెట్టారు. ఆ సముద్రపు వేడీ, వాకర్ ఉయ్యాలా ఒకే వ్యవహారమని 1969లో జేకబ్ బ్యార్క్‌నెస్ చూపించాడు. ఎల్ నినో వచ్చిన 2002లో జూలై వానలు దేశం మొత్తం మీద సగానికి పడిపోయాయి. 2009లో రుతుపవనం 22 శాతం లోటు. 2023 ఆగస్టు, 1901 నుంచి లెక్కలు చూస్తే, అన్ని ఆగస్టులలోకీ పొడి ఆగస్టు.

అయినా ఎల్ నినో అనగానే కరువు అని రాసిపెట్టుకోనక్కరలేదు. 1997లో బ్రహ్మాండమైన ఎల్ నినో వచ్చినా మన వానలు మామూలుగానే పడ్డాయి. ఆ ఏడు హిందూమహాసముద్రం పడమటి భాగం వేడెక్కి తూర్పు భాగం చల్లబడి మనవైపు తూగింది. సముద్రానికి ఉన్న ఈ రెండవ ఊపును 1999లో జపాన్, భారత శాస్త్రజ్ఞులు కలిసి బయటపెట్టారు. ఎక్కడి పెరూ, ఎక్కడి భీమవరం! వాన విషయంలో దూరపు చుట్టాలే దగ్గరవారు.

లెక్క తప్పుతున్న రోజులు

"ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "మఖా పుబ్బా వరపైతే మహాక్షామం" అని మనవారు కార్తెలవారీగా వాన లెక్క కట్టుకున్నారు. ఒక్కొక్క కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. తరతరాల రైతులు కళ్ళారా చూసి పేర్చిన లెక్క అది. సగటు సంవత్సరానికి ఇప్పటికీ చాలావరకు సరిపోతుంది. కాని సగటు సంవత్సరాలే తగ్గిపోతున్నాయి.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తడిని మోయగలదు. మోసిన తడిని ఎక్కడో ఒకచోట దించాలి. నెల్లాళ్ళు నిదానంగా పడవలసిన వాన నాలుగు రోజులలో కుమ్మరిస్తున్నది. 1950 నుంచి 2015 దాకా లెక్కలు తీస్తే మధ్యభారతంలో విస్తారంగా పడే కుంభవృష్టులు మూడింతలైనాయని తేలింది. మధ్యభారతమంటే మాకు పరాయి సీమ కాదు. మా కాలవ నీళ్ళు పుట్టేది అక్కడే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. పెద్ద వరదలకు ఆగస్టు నెల అని పేరు. ఆ ఏడు జూలై నడుమనే వచ్చింది.

చేపల చెరువుల వారి సంగతీ ఇంతే. ముసురుపట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే చెరువులోని నాచు ప్రాణవాయువును తగినంత పుట్టించలేదు. తెల్లవారేసరికి రొయ్య నీటిమీదికి తేలుతుంది. రాత్రంతా ఏరేటర్లు తిప్పి కాచుకోవాలి. వరిరైతు వానకోసం చూస్తే, రొయ్యలరైతు ఎండకోసం చూస్తాడు. ఒకే గట్టుకు ఇటూ అటూ నిలబడి ఇద్దరూ మావుళ్ళమ్మకు రెండు రకాలుగా మొక్కుకుంటారు. ఏ మొక్కు తీర్చాలో తెలియక అమ్మవారు తికమకపడుతూ ఉండాలి!

సముద్రాన్ని గాని, టిబెట్‌ను గాని మనం కదిలించలేము. కాని మన చేతిలో ఉన్నవి లేకపోలేదు. కాలవ వేళకు వదలడం, నాట్లు వేళకు పడటం, పొట్టి పంటకాలపు రకాలు వెయ్యడం, డ్రైను నోరు తెరిచి ఉంచడం, హెచ్చరిక విన్ననాడు పనలు కట్టి కుప్ప వెయ్యడం: ఇవన్నీ మనుషులు చేసే పనులే. ఎగువవారు బాగుంటేనే మాకు నీరు. దిగువన మొగ బాగుంటేనే ఆ నీటిని మేము సాగనంపగలం.

వాన కబురు చూసేటప్పుడు నేను ముందుగా భీమవరం అంకె చూడను. జగదల్‌పూర్‌లో ఎంత పడిందో, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులున్నదో చూస్తాను. కార్తీకమాసం వచ్చిందంటే బంగాళాఖాతం బొమ్మ చూస్తాను. ఆ తరువాత గొడుగు తీసుకుని డ్రైను గట్టుదాకా వెళ్ళి, నీరు ఎటు నడుస్తున్నదో నా కళ్ళతో చూసుకుని వస్తాను.